రెండు కవర్లు

మా చర్చిలో పెళ్లి జరగాలంటే దేవుడి దీవెన కంటే ముందు ల్యాబ్ కాగితం కావాలి. ఎగతాళిగా అనడం లేదు, అదే పద్ధతి. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ ఇద్దరూ హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకోవాలి. ల్యాబువాళ్లే రిపోర్టును కవర్లో పెట్టి, జిగురుతో అంటించి, అంటించిన చోట ముద్ర వేసి ఇవ్వాలి. ఆ రెండు కవర్లూ సంఘం సెక్రటరీగారి చేతికి వెళ్తాయి. ఆయన పాస్టరుగారికి చూపిస్తారు. అన్నీ సవ్యంగా ఉంటే ఇద్దరి ఊళ్ల చర్చిల్లోనూ వరసగా మూడు ఆదివారాలు ఆరాధన చివర్లో పెళ్లి ప్రకటన చదువుతారు. ఫలానా వారి అమ్మాయికీ ఫలానా వారి అబ్బాయికీ పెళ్లి కుదిరింది, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి అని. మూడుసార్లూ ఎవరూ నోరెత్తకపోతే పెళ్లి.

ఈ పద్ధతి ఎందుకు పెట్టారో కూడా చెప్పాలి, చెప్పకపోతే అన్యాయం. నా చిన్నతనంలో మా సంఘంలో ఒక అక్కకి పెళ్లయిన ఏడాదికే భర్త మంచం పట్టాడు. అతని జబ్బు అతనికి ముందే తెలుసట. ఆ అక్కకీ అంటుకుంది. ఎముకల గూడై, మా వాకిలి ముందునుంచే చర్చికి నడిచి వెళ్లేది, ఆ తర్వాత అదీ లేదు. ఆమెను సమాధి చేసి వచ్చాక పెద్దలందరూ కూర్చుని, ఇంకో ఆడపిల్లకి ఇలా కాకూడదని ఈ నియమం పెట్టారు. ఆడపిల్లను కాపాడ్డానికి పెట్టిన నియమం ఇది.

నా పెళ్లి కుదిరేనాటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. చీపురుపల్లిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో పదో తరగతికి జీవశాస్త్రం చెప్తున్నాను. నాన్న ఎప్పుడో పోయారు. అమ్మ ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. ఇంట్లో మేమిద్దరమే. మా వైపు ఇరవై తొమ్మిదంటే, "ఇంకా అవనేదా?" అని అడిగే వయసు దాటిపోయి, గొంతు తగ్గించి "ఏటి సంగతి?" అని అడిగే వయసు. అలాంటి సమయంలో కోటబొమ్మాళి నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి పారాదీప్ పోర్టులో క్రేన్ ఆపరేటరు. తండ్రి లేడు, తల్లి ఉంది.

నాకు అతను నచ్చాడు. దాపరికం ఎందుకు? చూపులకు వచ్చిన రోజు అమ్మ పెట్టిన ఉప్మా తింటూ, మిరపకాయ కొరికి, కళ్లనీళ్లు కారుతున్నా "బాగున్నాది అత్తా" అన్నాడు. నేను మంచినీళ్లు తెచ్చేలోపు ఇంకోటి కొరికి నవ్వాడు. ఆ నవ్వు నాకు చాలా రోజులు గుర్తుంది. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఫోన్ చేసి "ఏటి సేస్తన్నారు మేస్టరమ్మా?" అనేవాడు. స్లిప్ టెస్టు పేపర్లు దిద్దుతున్నానంటే "నాకూ మార్కులెయ్యండి" అనేవాడు. పెళ్లంటే ఇదేనేమో, బాగానే ఉంటుందేమో అనుకున్నాను.

పరీక్షకు నేను మా ఊళ్లోనే, స్టేషన్ వైపు వెళ్లే రోడ్డులో ఉన్న ఒక చిన్న ల్యాబుకు వెళ్లాను. ఆ నెలంతా ఊరంతా జ్వరాలు. నేనూ వారం రోజులు పడుకుని లేచాను. ల్యాబాయన రక్తం తీసి, దూది ఇచ్చి, "పెళ్లి కాగితమేనా మేడం? కంగ్రాట్స్" అన్నాడు. రిపోర్టు రావడం ఆలస్యమైంది. మొదటి ఆదివారం దగ్గరపడిపోయింది. సెక్రటరీగారు "అబ్బాయి కవరు అందిపోయినాది. నీదీ రేపో ఎల్లుండో వస్తాది గదా, ఏటవుతాది?" అని మొదటి ప్రకటన చదివించేశారు. గురువారం కవరు వచ్చింది. అంటించి, ముద్ర వేసి ఉంది. విప్పకూడదు కాబట్టి విప్పలేదు. నా శిక్షను నేనే పదో తరగతి పేపర్ల మధ్య పెట్టుకుని, బడి అయ్యాక నడిచి వెళ్లి, నా చేత్తో నేనే ఇచ్చి, "థాంక్స్ అండీ" కూడా చెప్పి వచ్చాను.

రెండో ఆదివారం పాస్టరుగారు ప్రకటనలు చదివారు. బుధవారం స్త్రీల కూడిక ఉందన్నారు. ఎవరిదో గృహప్రవేశ ప్రార్థన చదివారు. ఇంకొకరి పెళ్లికి మూడో ప్రకటన చదివారు. తర్వాత కాగితం మడిచి, "ప్రార్థించుకుందాం" అన్నారు.

నాది చదవలేదు. మా చర్చిలో ఆడవాళ్లం ఎడమ వైపు చాపల మీద కూర్చుంటాం. ముందు వరసలో ఒక తల వెనక్కి తిరిగింది. తర్వాత ఇంకోటి. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకోవాలి కదా, నేను తెరిచే ఉంచాను. ఎంతమంది తెరిచి నన్ను చూస్తున్నారో అప్పుడు తెలిసింది. ఒక్క మాట అనకుండా అంతమందికి అంత వివరంగా చెప్పడం ఎలాగో మా పాస్టరుగారిని చూసి నేర్చుకోవాలి.

ఆరాధన అయ్యాక నన్నూ అమ్మనూ లోపలి గదిలోకి పిలిచారు. సెక్రటరీగారు కూడా ఉన్నారు. పాస్టరుగారు చాలాసేపు బల్ల మీదున్న బైబిలు సర్ది, "అమ్మా, దేవుడు క్షమించే దేవుడు" అని మొదలుపెట్టారు.

నాకు ఏమీ అర్థం కాలేదు. "దేనికి అయ్యగారూ?" అన్నాను.

ఆయన కాగితం నా వైపు తిప్పారు. నా పేరు, వయసు, దాని కింద ఇంగ్లీషులో "రియాక్టివ్" అని ఉంది. లావుగా అచ్చయి ఉంది. చదువుకున్నదాన్ని కదా, అర్థం తెలుసు, జబ్బు ఉందని. అమ్మకు ఇంగ్లీషు రాదు గానీ ఆ మాట మాత్రం వచ్చు, ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో చేసిన మనిషి. ఆమె బల్ల అంచు పట్టుకుంది. నా చెయ్యి పట్టుకోలేదు.

మేము ఇల్లు చేరేలోపే అమ్మ ఫోన్ మోగింది. కోటబొమ్మాళి నుంచి అబ్బాయి తల్లి. రోడ్డు మీదే అమ్మ ఫోన్ ఎత్తింది, ఆవిడ గొంతు నాకూ వినిపిస్తోంది. "ఒదినా, ఇక్కడ మా చర్చిలో రెండోసారి సదివేసినారు. మీకాడ సదవనేదటేటి? ఇప్పుడే ఎవులో ఫోన్ సేసి సెప్పినారు. ఏటయినాది?" మా ఊరి చర్చిలో ఎవరి వేళ్లు ఎంత చురుకైనవో అనుకున్నాను. అక్కడ నా పెళ్లి ఒక మెట్టు ఎక్కింది, ఇక్కడ అదే గంటలో దిగిపోయింది. అమ్మ ఏదో నసిగి పెట్టేసింది. వాళ్ల చర్చిలో చదివి మా చర్చిలో ఆపారంటే, తేడా ఎవరిలో ఉందో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది.

ఇంటికి రాగానే అమ్మ తలుపు గడియ వేసింది. "ఒసే, నిజం సెప్పు. ఎవుడే?"

"ఎవడేంటి?"

"నాకాడ దాసకు. ఇలాటియి సూసినదాన్నే. ఎవుడో సెప్పు, ఏటీ అనను."

ఇరవై తొమ్మిదేళ్లు నన్ను కడుపులో పెట్టుకుని చూసిన మనిషి, ఒక్క కాగితానికి నన్ను వదిలేసింది. ఎవడూ లేడమ్మా అన్నాను. ఆమె ముఖంలో నమ్మకం లేదు. మధ్యాహ్నం అన్నానికి కూర్చుంటే నా కంచం, నా గ్లాసు విడిగా కిటికీ దగ్గర పెట్టి ఉన్నాయి. ఆసుపత్రిలో రోగుల బంధువులు ఇలాగే కంచాలు వేరు చేస్తుంటే, "తాగితే రాదమ్మా, తింటే రాదు, బుర్ర నేదేటి మీకు?" అని వాళ్లని తిట్టి పోసేది ఈవిడే. ఆ కథలు అన్నం తినిపిస్తూ నాకు చెప్పింది కూడా ఈవిడే. ఆ కంచంలో నేను తినలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అప్పటికి నాకు ఏ మగవాడి పక్కా తెలియదు. ఈ మాట ఇలా బాహాటంగా రాసుకోవలసి వచ్చినందుకే నాకు ఒళ్లు మండుతుంది. రాయకపోతే చదువుతున్న మీరూ అమ్మ అడిగిన ప్రశ్నే మనసులో అడుగుతారు. పోనీ తెలుసనుకోండి, అప్పుడు మాత్రం? ఒకరి రక్తాన్ని తప్పుగా చదివి వాళ్ల నెత్తిన రుద్దే హక్కు ఎవరికైనా వస్తుందా?

అయినా అసలు ఘోరం అది కాదు. నన్ను నేనే అనుమానించడం మొదలుపెట్టాను. మర్నాడు బడికి వెళ్లాను. ఏటా పిల్లలకు ఈ జబ్బు వచ్చే దారులు నాలుగూ బోర్డు మీద రాసి చెప్పేదాన్ని. ఆ నాలుగు దారుల్లోనూ నన్ను నేను వెతుక్కున్నాను. పందొమ్మిదేళ్లప్పుడు అపెండిక్స్ ఆపరేషన్ అయింది, అప్పుడు రక్తం ఎక్కించారా? సాయంత్రం అమ్మను అడిగాను. "ఒక సీసా కట్టినారు. ఎర్రదో తెల్లదో గ్యాపకం నేదు" అంది. జ్వరమొచ్చినప్పుడల్లా సూది వేసిన మా వీధి డాక్టరు సూది మార్చేవాడా? జాతరలో సరదాపడి చెవికి రెండో కన్నం కుట్టించుకున్నాను, ఆ ముసలమ్మ అదే సూదితో నా ముందు ఎంతమందికి కుట్టింది? రక్తం, సూది, చెవి. ఏ తప్పూ చెయ్యలేదని తెలిసినదాన్ని, తప్పు ఎక్కడ చేశానా అని నా ఒళ్లంతా సోదా చేసుకున్నాను. ఒక కాగితానికి అంత బలం ఉంటుందని నాకు ఏ పాఠంలోనూ ఎవరూ చెప్పలేదు.

మూడో రోజుకి భయం కాస్త తగ్గి కోపం వచ్చింది. ల్యాబుకు వెళ్లాను. అక్కడ ఇంకెవరో ఉన్నా ఆగలేదు, సెక్రటరీగారిని అడిగి ఆ పూటకు తెచ్చుకున్న రిపోర్టు బల్ల మీద పెట్టి, "ఎన్నిసార్లు చూసి రాశారు ఇది?" అన్నాను.

ఆయన కంగారుపడి లోపలికి రమ్మన్నాడు. "మేడం, మెల్లిగా. మాది స్క్రీనింగ్ మట్టుకే. ఒక్క కిట్టు పెడతాం. కన్ఫర్మేషనుకి గవర్నమెంటు ఆసుపత్రికి ఎల్లాల."

"ఆ ముక్క రాయలేదేం?"

"రాసే ఉంటాది మేడం" అని కాగితం తిరగేశాడు. వెనకవైపు, అడుగున, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. ఈ ఫలితం ఆఖరిది కాదు, నిర్ధారణ పరీక్ష చేయించుకోవలెను అని. ముందువైపు ఉన్న మాట మాత్రం లావుగా ఉంది.

"కవరు అంటించి చర్చికి పంపుతున్నారని తెలుసు కదా. నాకొక్క ఫోన్ చేస్తే మీ సొమ్మేం పోయేది?"

"మీ చర్చోలే అంటించి ఇమ్మంటారు మేడం. మేమేటి సేస్తాం?" అన్నాడు. అదీ నిజమే. అందుకే ఇంకా మండింది.

గవర్నమెంటు ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోవడానికి మా చుట్టుపక్కల ఊళ్లకు పోవడం ఇష్టం లేక శ్రీకాకుళం బస్సెక్కాను. చున్నీ ముఖానికి చుట్టుకుని, దొంగలా వెళ్లాను. ఆ ఆసుపత్రిలో ఈ పరీక్షకు విడిగా ఒక గది ఉంది. అక్కడ కౌన్సెలరు నడివయసు ఆవిడ, కళ్లజోడు తాడుతో మెళ్లో వేలాడుతోంది. నా ముఖం చూడగానే ముందు కూర్చోమని, నీళ్లిచ్చింది. తన గ్లాసుతోనే ఇచ్చింది. నాకు ఏడుపు అక్కడ వచ్చింది, అంతవరకూ రాలేదు.

అంతా విని అడిగింది. "ఎన్ని కిట్లు పెట్టినారు?"

"ఒకటి."

"ఒక్క కిట్టుతోనే సంఘానికి పంపించినారా? ఓలమ్మ!" అని తల పట్టుకుంది. "సూడమ్మా, బియ్యంలో రాళ్లేరతావు గదా. రాయేమో అని అనుమానం వచ్చిందల్లా ముందు పక్కన పెడతావు. తర్వాత యెలుతురులో మళ్లీ సూస్తావు. అందులో కొన్ని మంచి గింజలే ఉంటాయి. మొదటి టెస్టు పని అంతే. ఏ ఒక్క రాయీ తప్పిపోకూడదని అనుమానమున్నదల్లా పక్కన పెడతాది. ఆ ల్యాబోలు పక్కన పెట్టినదాన్నే రాయని సెప్పీసినారు."

"మరి నాదే ఎందుకు పక్కన పెట్టింది?"

"జ్వరాలొచ్చి తగ్గినోలకి ఒక్కోసారి అవుతాది. ఒక్కోసారి ఎందుకో మాకూ తెల్దు."

అనుమానం తీరాలని వేరువేరు కిట్లు మూడూ పెట్టించింది. బయట బెంచీ మీద, గోడకున్న పోస్టరులో ఎర్ర రిబ్బను అంచుల వెంట చూపు తిప్పుతూ కూర్చున్నాను. పిలిచి చెప్పింది. మూడూ నెగెటివ్. "గడిచిన మూడు నెల్లలో నీకే ప్రమాదమూ నేదన్నావు గాబట్టి ఇదే ఆఖరి మాట. ఇంక దిగులు పడకు" అంది. నేను లేస్తుంటే మళ్లీ ఆపి, "ఆ అబ్బాయికేటి, అయిపోయినాదా? ఇద్దరూ కలిసి ఒకేసారి సేయించుకుంటే మంచిదమ్మా. ఎప్పుడూ ఆడపిల్లే వస్తాది ఈ గదికి" అంది. ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు.

సంతోషం బస్టాండు దాకా నిలిచింది. బస్సులో కూర్చోగానే పురుగు తొలవడం మొదలుపెట్టింది. మొదటిది తప్పు కావచ్చునంటే, ఇదీ తప్పు కావచ్చు కదా? సీసాలు తారుమారైతే? నా ముందు రక్తం ఇచ్చినావిడది నాదనుకున్నారేమో. పది రోజులాగి విజయనగరంలో ఇంకోచోట చేయించుకున్నాను. నెగెటివ్. ఆ పై నెలలో విశాఖపట్నం వెళ్లి చేయించుకున్నాను. నెగెటివ్. చెడ్డ కాగితాన్ని ఒక్కసారికే నమ్మేశాను. మంచి కాగితాలు మూడొచ్చినా నమ్మలేకపోయాను. జీవశాస్త్రం టీచర్నని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

శ్రీకాకుళం కాగితం మొదట అమ్మకే చూపించాను. ఆమె కిటికీ దగ్గరున్న నా గ్లాసు తెచ్చి, కడగకుండానే అందులో నీళ్లు ముంచుకుని గటగటా తాగింది. క్షమించమని అడగడం ఆమెకు రాదు, అది ఆమె అడిగిన తీరు. నాకు తెలుసు. తెలిసి కూడా చూడనట్టే లేచిపోయాను. ఇప్పటికీ ఆ కోపం మొత్తం పోలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి.

పాస్టరుగారి దగ్గరకు కాగితాలన్నీ పట్టుకెళ్లాను. ఆయన నిజంగానే సంతోషించారు, దేవునికి స్తోత్రం అన్నారు. అయితే వచ్చే ఆదివారం ఆ మాట చెప్పండి అయ్యగారూ అన్నాను.

"అలాంటియి యేదిక మీద సెప్పకూడదమ్మా. నీ వ్యక్తిగతం గదా. నీకే మంచిది కాదు."

"చదవాల్సింది చదవకుండా ఊరందరికీ చెప్పారు కదా. అప్పుడు నా వ్యక్తిగతం ఏమైంది?"

ఆయన ముఖం ఎర్రబడింది. చెడ్డవారు కాదు ఆయన. మా నాన్న పోయినప్పుడు మూడు రోజులు మా అరుగు మీదే ఉన్నారు. కానీ తప్పయిపోయిందమ్మా అన్న ఒక్క మాట ఆయన నోట రాలేదు. "ప్రార్థన సేద్దాం" అని కళ్లు మూసుకున్నారు. నేను తెరిచే ఉంచాను.

బడిలో ఎవరూ ఏమీ అనలేదు. స్టాఫ్ రూములో మాత్రం నేను తెచ్చిన టిఫిన్ డబ్బాలోకి చెయ్యి పెట్టడం మానేశారు. ఇదివరకు మా అమ్మ చేసిన గోంగూర పచ్చడికి ఎగబడేవాళ్లు. డబ్బా నిండుగా ఇంటికొచ్చేది. అమ్మ మూత తీసి చూసి, మళ్లీ పెట్టేసేది.

జరిగిందంతా నేనే ఫోన్లో చెప్పాక అబ్బాయి ఫోన్లు పలచబడ్డాయి. రోజూ ఉన్నది వారానికొకటైంది. "డ్యూటీలు గట్టిగున్నాయి" అనేవాడు. నా మార్కుల సంగతి మళ్లీ అడగలేదు. ఒకసారి నేనే అడిగేశాను, మీరు నమ్ముతున్నారా అని. "నాకేటి, నమ్ముతాను. అమ్మకే…" అని ఆపేశాడు. అయినా ఆశ చావలేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు ఇంకా ఆ పెళ్లి కావాలి. అతను కావాలి. అంతకంటే, ఆ చర్చిలో, ఆ చాపల ముందు, నా పేరు మళ్లీ గట్టిగా చదవడం వినాలి.

మూడు నెలలు పోయాక ఇంకొకసారి చేయించి చూపించమని వాళ్లమ్మ కబురు పెట్టింది. చేయించాను. నెగెటివ్. అప్పుడు తల్లీకొడుకులు ఇద్దరూ అరటిపళ్లు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చుని, "అయిందేదో అయినాది. ఇంకొకలయితే ఎప్పుడో తెంపుకుందురు. మాం పెద్ద మనసు సేసుకున్నాం ఒదినా. ముహూర్తం పెట్టించండి" అంది. అమ్మ కళ్లనిండా నీళ్లు పెట్టుకుని చేతులు జోడించింది. ఏ నేరానికి?

అప్పుడు గుర్తొచ్చింది కౌన్సెలరమ్మ మాట. "నాదొక్క కోరిక అత్తా" అన్నాను. "ఆయనా నేనూ కలిసి శ్రీకాకుళం వెళ్లి, ఒకే రోజు, ఒకే గదిలో చేయించుకుంటాం. నేను ఐదుసార్లు రక్తం ఇచ్చాను. ఆయన ఒక్కసారి ఇస్తే చాలు."

ఆవిడ ఇంతెత్తున లేచింది. "ఓలమ్మో! ఎదురు మాకే టెస్టులా? తప్పు నీకాడ పెట్టుకుని నా కొడుకుని అనుమానిస్తావేటి? మగపిల్లోడికి ఏటి కర్మ?"

"నాలోనూ తప్పు లేదు. కిట్టులో ఉంది. నాకు అలా తప్పిన కిట్టు ఆయనకు ఇలా తప్పదని ఏముంది?"

అబ్బాయి తలొంచుకుని అరటిపండు తొక్క గిల్లుతున్నాడు. అతని వైపు తిరిగి అడిగాను. "మీరు చెప్పండి. రావడానికి మీకేమిటి ఇబ్బంది?"

"నేనప్పుడే ఇచ్చీసినాను గదండీ. బాగానే ఉన్నాది గదా."

"బాగుందని మీకెవరు చెప్పారు?"

"ఎవులూ ఏటీ అన్నేదు. బాగుంటేనే గదా అన్నేదు" అన్నాడు.

వాళ్లమ్మ ఆ మాట అందుకుంది. "మీ చర్చిలోనే ఉన్నాది గదే ఆడి కాగితం! ఎల్లి సూసుకో. సూసుకుని నోరుమూసుకుని పెళ్లిపీట మీద కూకో."

సరే అన్నాను. నిజంగానే సరే అనుకున్నాను. ఆ కాగితంలో నెగెటివ్ అని ఉంటే ఇంక నోరెత్తను, చేసేసుకుంటాను అని అమ్మ ముందు మాటిచ్చాను. పాస్టరుగారు చూసి సరేనన్న కాగితమే కదా. వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి, చెప్పులేసుకుని చర్చికి నడిచాను. దారిపొడుగునా నేను కోరుకున్నది ఒక్కటే, అది బాగుండాలని. నా ఓటమి కోసం నేనే ప్రార్థన చేసుకుంటూ వెళ్లాను.

సెక్రటరీగారు ఆఫీసు గదిలోనే ఉన్నారు. ఈయన మా నాన్న స్నేహితుడు, నన్ను చిన్నప్పుడు సైకిలు మీద బడికి దింపినవాడు. బీరువా తీసి, పెళ్లిళ్ల ఫైలు తీసి, తాడు విప్పారు. మా ఇద్దరి పేర్లున్న కాగితం మీద ఎర్ర ఇంకుతో "పెండింగ్" అని రాసి ఉంది. దాని కింద నా కవరు. మూడు వైపులా చింపేసి, చేతులు మారి మారి నలిగిపోయి, ఒక మూల టీ మరక కూడా పడి ఉంది. పాస్టరుగారూ సెక్రటరీగారూ ఇద్దరే చూశారన్నారు నాతో. ఇద్దరు చూస్తే కాగితం అలా నలగదు.

దాని కింద అతని కవరు. తెల్లగా, కొత్తగా ఉంది. తిరగేశాను. జిగురు అంటించినట్టే ఉంది. అంటించిన చోట వేసిన నీలి ముద్ర చెక్కు చెదరలేదు.

అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. "ఇది చింపలేదేమండీ?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశారు. ఇబ్బంది పడలేదు, ఆశ్చర్యమూ పడలేదు. "అబ్బాయిది గదమ్మా. పోర్టు ఉద్యోగం, మంచి కుటుంబం. ఇచ్చినాడు, సాలు గదా."

నాకు చర్చి వెనక సమాధుల్లో ఉన్న ఆ అక్క గుర్తొచ్చింది. కవరు ఆయన ముందుకు చాచాను. "అయితే ఇప్పుడు చింపండి."

సెక్రటరీగారు ఆ కవరు నా చేతిలోంచి మెత్తగా తీసుకున్నారు. నలగకుండా ఫైల్లో పెట్టి, తాడు కడుతూ, తెలియనిదానికి తెలియజెప్పినట్టు అన్నారు.

"ఆ అబ్బాయి ఎదర నేకుండా ఎలగ సింపుతామమ్మా? పరాయోల పిల్లోడి పరువు గదా."